మా కారుకు పాట కలిపిన మేస్త్రి

మేస్త్రి పోయాడన్న వార్త నాకు పంక్చర్ దుకాణం అతను తెచ్చాడు. ఆదివారం ఉదయం స్నానం ముగించి తడి పంచె ఆరవేస్తుండగా వీధి గేటు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా చెప్పాడు. "పంతులు సార్, మన సౌండ్ మేస్త్రి పోయిండు. తెల్లారంగ పోయిండు. మీకు జెప్పి రమ్మన్నది ఆయన భార్య." ఇంకా నలుగురికి చెప్పవలసి ఉందని సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను పంచె రెండో కొస దండెం మీద వేయడం మరచి, దానిని చేత పట్టుకునే కొంతసేపు నిలబడ్డాను. దుఃఖం వెంటనే రాలేదు. అలసట వచ్చింది. డెబ్బై దాటినవాడికి అదే ముందు వస్తుంది.

పాఠకులలో బోధన్ ఎరిగినవారు ఉంటే వారికి ఆయనను పరిచయం చేయనక్కరలేదు. ఎరుగనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. బస్టాండుకు అవతల టైర్ల దుకాణాలు వరుసగా ఉండే చోట, రేకులతో కట్టిన చిన్న డబ్బాలో ఇరవై ఏళ్లకు పైగా కూర్చుని, వాహనాలకు టేపు రికార్డర్లు, స్పీకర్లు బిగించిన మనిషి ఆయన. ఆయన అసలు పేరు రేషను కార్డులో ఉంది, ఆయన వెళ్లే చర్చి రిజిస్టరులో ఉంది. ఆ పేరుతో ఆయనను ఎవరైనా పిలవగా నేను వినలేదు. కనుక ఇక్కడా రాయడం లేదు.

ఆయన పనికి కాలం చెరకు కాలమే. రుద్రూర్ వైపు నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి వచ్చే చెరకు లారీలు ఫ్యాక్టరీ ఆవరణలో ఒక రోజు, ఒక్కొక్కప్పుడు రెండు రోజులు వరుసలో నిలబడేవి. బరువు తూచి దించుకునే దాకా డ్రైవరుకు తోడు ఒక్క టేపు రికార్డరే. అయితే బండి తాళం తిప్పి ఉంచితే ఓనరు ఊరుకోడు. అందుచేత లారీలన్నింటికీ మేస్త్రి తీగను తాళంతో నిమిత్తం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేవాడు. దానిని ఆయన 'డైరెక్ట్' అనేవాడు. తాళంచెవి డ్రైవరు మొలతాడుకు వేలాడుతుండగా క్యాబినులో పాట నడుస్తూ ఉండేది. లారీ బ్యాటరీలు పెద్దవి, వాటికి అది లెక్క కాదు. ఈ సంగతిని పాఠకులు కొంచెం మనసులో ఉంచుకోవాలి. నేను చెప్పబోయేదంతా దీని మీదనే నిలిచి ఉంది.

ఆయన అలవాట్లు కొన్ని నాకు మా వైదిక వృత్తిలోని నియమాలను గుర్తుచేసేవి. ఏ బండిలో కూర్చోవలసి వచ్చినా ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు. చెప్పులు బయట విడిచి, సీటు మీద తన తువ్వాలు పరచుకుని, అప్పుడు లోపలికి వంగేవాడు. విప్పిన స్క్రూలన్నీ ఒక చాయ్ సాసరు అంచు వెంట, విప్పిన వరుసలోనే పేర్చేవాడు. ఆ సాసరును ఎవరైనా కదిలిస్తే ఆ పూటకు ఆ మనిషితో మాటలు బంద్. సెట్టు బిగించిన తరువాత పరీక్షించడానికి తన దగ్గర ఉన్న క్యాసెట్టు పెట్టేవాడు కాదు. బండివాడు రోజూ వినే క్యాసెట్టే అడిగి తీసుకుని, అందులో అన్నిటికన్నా మెల్లగా వినిపించే చోటు వెతికి అక్కడ చెవి పెట్టేవాడు. గట్టిగా అరిచే పాట ఏ సెట్టులోనైనా బాగానే వినిపిస్తుందని ఆయన అభిప్రాయం.

మా పరిచయం ఎనభైల చివర ఒక కార్తిక మాసంలో మొదలైంది. గుడిలో నా పురాణ ప్రవచనం, మైకు ఆయనది. తన ప్రార్థన తనకున్నా, మా గుడి మైకు పనిని ఆయన ఎన్నడూ కాదనలేదు. ఆయన మండపం బయట, చివరి వరుసలోని ముసలమ్మల వెనుక ఒక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. మూడో రోజు అందరూ వెళ్లిపోయాక తీగ మోచేతికి చుట్టుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. నా వ్యాఖ్యానాన్ని గురించి ఏదో మంచిమాట అంటాడని నేను సిద్ధపడి ఉన్నాను.

"సార్, పొడుగు మాటలు వచ్చినప్పుడల్ల గొంతు లేపుతున్నరు. ముంగట కూసున్నోళ్లకు గట్టిగ గొడుతున్నది, ఎన్క అవ్వలకేమో మాట అందుతలేదు. జర మెల్లగ చెప్పుండ్రి. పెద్దగ జేసుడు నా పని."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు, ఎందుకో తెలియదు, ఒక ఉత్పలమాలను గొంతు పెంచకుండా, పాదం పాదానికి ఆగుతూ చదివాను. చివరి వరుసలో ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. అంతకుముందు అక్కడ అందరూ నిద్రపోతూ ఉండేవారని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ల పాండిత్యంలో నా ఉచ్చారణను గురించి ఎవరైనా నాకు చెప్పిన ఉపయోగకరమైన మాట అదొక్కటే.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నా భార్యకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, నిజామాబాద్ ఆసుపత్రిలో డయాలిసిస్. ఉదయం ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి. ఆలస్యమైతే ఆ మంచం తరువాతి రోగికి పోతుంది. బస్సులో ఆ ప్రయాణం ఆమె వల్ల కాలేదు. అప్పుడే బదిలీ మీద ఊరు విడిచి వెళుతున్న ఒక అధికారి తన పాత కారు అమ్ముతుంటే కొన్నాను. నడపడానికి మా వీధిలోనే ఉండే ఒక నడివయసు డ్రైవరు కుదిరాడు.

డయాలిసిస్ చేయించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం పిండిన బట్టలా ఉండేది. నిద్రపోవాలి, కాని నిద్ర పట్టేది కాదు. ఒక క్యాసెట్టు ఉండేది. ఆమె అక్కగారు చనిపోవడానికి కొన్నేళ్ల ముందు, ఒక పేరంటంలో పాడిన మంగళహారతులను ఎవరో రికార్డు చేసి ఇచ్చారు. అది పెడితే రెండో పాట ముగిసేలోగా ఆమె తల నా భుజం మీదకు వాలేది. నా పద్యాల క్యాసెట్లు ఇంట్లో పది ఉన్నాయి. ఒకసారి, వాటిలో ఒకటి పెట్టమంటావా అని అడిగాను. "మీ గొంతు ఇంట్ల ఇంటనే ఉన్న. తొవ్వల గూడనా?" అంది. డ్రైవరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

ఆ కారులో దానితోపాటే వచ్చిన సెట్టు ఒకనాడు ఆ క్యాసెట్టు టేపును నమిలింది. బయటికి లాగితే గజిబిజిగా రిబ్బను మాత్రం వచ్చింది. ఆమె దారి పొడవునా కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చుంది. మరునాడే నేను ఆ క్యాసెట్టును రుమాలులో చుట్టుకుని మేస్త్రి డబ్బాకు వెళ్లాను.

టేపును ఆయన ఒక పూటలో బాగుచేశాడు. తెగినచోట సన్నని అంటుకాగితం వేసి అతికించాడు. ఒక పాటలో ఒక చరణం సగం పోయింది. పాత సెట్టును చూసి మాత్రం పెదవి విరిచి, దీనిని నమ్మలేము, కొత్తది వేయాలి అన్నాడు. నిజామాబాద్ నుంచి కొత్త సెట్టు తెప్పించి, ఒక బుధవారం మా ఇంటి ముందరే వేపచెట్టు నీడన పనికి దిగాడు. రెండు గంటల పని అన్నాడు. సాయంత్రమైంది.

పాత సెట్టు తీసి కొత్తది కలిపి క్యాసెట్టు పెడితే లోపల చక్రాలు తిరుగుతున్నాయి, దీపం వెలుగుతోంది, శబ్దం మాత్రం లేదు. తీగల కలయికలన్నీ మళ్లీ విప్పి కలిపాడు. లేదు. టార్చిలైటు సెల్లు ఒకటి తీసి, స్పీకర్లకు పోతున్న తీగలకు ఇక్కడి నుంచి తాకించాడు. స్పీకరు బాగుంటే సెల్లు తాకగానే టక్కుమనాలట. నాలుగింటిలో ఒక్కటీ పలకలేదు. నాలుగూ ఒకేసారి కాలిపోవు కదా అని తనలో తాను అనుకుంటూ, తలుపు రేకు విప్పి, సెల్లును నేరుగా స్పీకరుకే తాకించాడు. టక్కుమంది. ఆయన వెనక్కి జరిగి మడమల మీద కూర్చుని చాలాసేపు ఆ తలుపును, ఆ సెట్టును మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడ సెట్టు మంచిగున్నది. అక్కడ స్పీకర్ మంచిగున్నది," అన్నాడు మెల్లగా. "మధ్యల ఎవరో ఉన్నరు సార్."

వేదాంతం చెప్పడం నాకు వృత్తి. ఆ వాక్యానికి నేను చెప్పగల వ్యాఖ్యానాలు చాలానే ఉన్నాయి. ఆ పూట ఒక్కటీ చెప్పాలనిపించలేదు. ఆయన కారులో నేల మీది పట్టా అంచు ఎత్తి, తీగను వేళ్లతో తడుముకుంటూ, పట్టా కింది నుంచి పోయి పోయి ముందు సీటు కిందకు చేరాడు. అక్కడ నేలకు బిగించి ఒక నల్లని ఇనుప పెట్టె ఉంది. కారు తయారుచేసిన కంపెనీయే పెట్టిన యాంప్లిఫయరు అది. పాత యజమాని కూడా ఎరుగునో లేదో. మా ప్రాంతంలో యాంప్లిఫయరు అంటే ఎవరో కోరి కొనుక్కుని, నలుగురికీ కనబడేటట్టు వెనుక పెట్టించుకునే వస్తువు. కంపెనీవాళ్లు కనబడకుండా దాచి పెట్టడం ఆయన తన అనుభవంలో ఎన్నడూ చూడలేదు.

తరువాత నాకు వివరించాడు. సెట్టు చిన్నగా మాట్లాడుతుంది, పెట్టె దానిని పెద్దది చేసి స్పీకరుకు ఇస్తుంది. కాని పెట్టె ఊరికే మేలుకుని ఉండదు. దానిని లేపడానికి ఒక తీగ ఉంటుంది. పాత సెట్టు ఆ తీగ మీద లేపేది. కొత్త సెట్టు సంగతి దానికి తెలియదు, అందుకే నిద్రపోతోంది. ఇలా చెప్పి, పెట్టె దగ్గర ఆ లేపే తీగను కనిపెట్టి, దానికి ఎప్పుడూ కరెంటు ఉండే తీగ ఒకటి కలిపాడు. అక్కగారి గొంతు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. నా భార్య అరుగు మీద కూర్చుని ఉంది. లేచి, గోడ పట్టుకుంటూ నడిచి వచ్చి, కారులో కూర్చుంది. పాటలో సగం పోయిన చరణం వచ్చినప్పుడు ఆ సగాన్ని తానే పాడింది. మేస్త్రి సాసరులోని స్క్రూలు ఒక్కొక్కటే బిగిస్తూ తల ఎత్తలేదు.

శుక్రవారం తెల్లవారుజామున కారు కదలలేదు. తాళం తిప్పితే చిన్న మూలుగు, తరువాత అదీ లేదు. ఇరుగుపొరుగువారు లేచి వచ్చి తోశారు. అరగంట తరువాత ఇంజను పట్టుకుంది. ఆసుపత్రికి చేరేసరికి మంచం మరొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా ఆమె బెంచీ మీద కూర్చుని ఊపిరి ఎగబీల్చింది. డ్రైవరు లైట్లు ఆర్పకుండా వదిలేసి ఉంటాడని నేను నిశ్చయించాను. అతను కాదన్నాడు. నేను వినలేదు. బ్యాటరీకి చార్జింగు పెట్టించాను.

మంగళవారం మళ్లీ అదే. ఈసారి తోసినా కదలలేదు. ఆటో దొరకలేదు. మొదటి బస్సులో తీసుకుపోయాను. వాచిన కాళ్లతో ఆమె ఆ బస్సులో గంటసేపు కూర్చుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర కూలిపోయింది. ముక్కుకు ఆక్సిజను గొట్టం పెట్టారు. ఇంకొక గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు నాతో అన్నాడు. ఆ వరండాలోనే, మా వెంట బస్సులో వచ్చి ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్న డ్రైవరుతో, రేపటి నుంచి రావద్దని చెప్పాను. అన్న మాటలు ఇక్కడ రాయలేను. అతను చెప్పులు గోడ వారగా పెట్టి వెళ్లిపోయాడు.

బుధవారం బ్యాటరీకి మళ్లీ చార్జింగు పెట్టించి బిగించాను. గురువారం ఉదయం నేను తలుపు తీసేసరికి మేస్త్రి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ దుకాణంలో డ్రైవరు నోట సంగతి విన్నాడట. కారు తాళం అడిగాడు. ఇచ్చాను. తలుపు తెరిచాడు, బండి స్టార్టు చేయలేదు. మోకాళ్ల మీద వంగి, సీటు కిందకు చేయి పోనిచ్చి, అరచేతిని ఆ పెట్టె మీద ఉంచి కొంతసేపు అలాగే ఉన్నాడు, జ్వరం చూసేవాడిలా. లేచి వచ్చి, కిటికీ లోపల మంచం మీద ఉన్న నా భార్యకు కూడా వినబడేటట్టు నిలబడి చెప్పాడు.

"బండి ఎవ్వరు ముట్టకముందే సూడాలని వచ్చిన సార్. పెట్టె వెచ్చగున్నది. బండి బందున్నా గది మేలుకోనే ఉంటున్నది. లారీలకు ఏసినట్టు డైరెక్ట్ ఏసిన. డ్రైవర్ తప్పు లేదు, బ్యాటరీ తప్పు లేదు. బస్సుల అమ్మకు గట్లయింది నా చేతి పనికి."

కొత్త సెట్టుకు ఆ పెట్టెను లేపడం కోసమే ఒక నీలం తీగ ఉంటుందని, సెట్టు ఆగితే పెట్టె కూడా నిద్రపోతుందని, లారీలలో దానితో పని లేక ఎప్పుడూ టేపు చుట్టి వెనక్కి తోసేసే అలవాటు వల్ల ఇక్కడా అలాగే చేశానని ఆయన ఆ తరువాత చెప్పాడు. ఆ క్షణంలో మాత్రం నేను అవేవీ అడగలేదు.

"నీ చేతి పనికి ఆమె ప్రాణం పోయేదయ్యా," అన్నాను.

"అవును సార్."

 నేను ఇంకా ఏమో అనబోతుండగా కిటికీలోంచి నా భార్య గొంతు వచ్చింది. "చెప్పిండు గద. ఇగ ఊకోండ్రి." కొంచెం ఊపిరి తీసుకుని, "మేస్త్రీ, గిప్పుడు నువ్వు సరిజేస్తే మా అక్క పాట పోతదా?" అని అడిగింది.

"పోదమ్మ. బండితోని లేస్తది, బండితోని పండుకుంటది."

ఆయన పావుగంటలో ఆ నీలం తీగను వెతికి తీసి కలిపాడు. ఆ పావుగంటా నేను అరుగు మీద కూర్చుని ఆలోచించాను. సీటు కింద చీకట్లో ఉన్న ఒక తీగ. అది ఎవరు, ఎలా కలిపారో ఊళ్లో తెలిసినవారు ఆయన ఒక్కడే. సెట్టు ఒకసారి చూసిపోతానని వచ్చి, నిశ్శబ్దంగా మార్చి వెళ్లిపోయి ఉండవచ్చు. కారు బాగుపడేది. డ్రైవరు మీద పడిన మాట అలాగే ఉండిపోయేది. నేను ఆ మాటను నమ్ముతూనే సత్యాన్ని గురించి ప్రవచనాలు చెబుతూ ఉండేవాణ్ణి.

పని ముగించి చేతులు కడుక్కుని, "డ్రైవర్ ఇంటికి పోదాం సార్," అన్నాడు. కబురు పంపుతాను అన్నాను. కబురుతో రాడు అన్నాడు. అలా ఆ ఉదయం, ఉత్తరీయం నడుముకు చుట్టుకుని, నేను మేస్త్రి సైకిల్ వెనుక క్యారియర్ మీద కూర్చుని వీధి చివర దాకా వెళ్లాను. వీధిలోని పిల్లలు వెంట నడిచారు. ఒక విద్వాంసుడికి తగిన ఊరేగింపు అది కాదు.

డ్రైవరు భార్య అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి చేతులు ఆపలేదు. డ్రైవరు గడపలో నిలబడి, "ఏం సార్, ఇంకా లైట్లేమన్న ఇడిసిపెట్టిన్నా?" అన్నాడు.

మేస్త్రి తన తప్పును అక్కడ మళ్లీ, పూర్తిగా, మొదటి నుంచి చెప్పాడు. ముగించి నా వైపు చూశాడు. "రేపు శుక్రవారం, అయిదున్నరకు రా," అన్నాను డ్రైవరుతో. మేస్త్రి కదలలేదు. సైకిల్ హ్యాండిలు పట్టుకుని, మైకు ముందు నేను మొదలుపెట్టే దాకా ఎదురుచూసినట్టు, అలాగే నిలబడ్డాడు. బీడీలు చుట్టే చేతుల చప్పుడు వినబడుతోంది. క్షమాపణకు సంస్కృతంలో నాకు తెలిసిన శ్లోకాలు తక్కువ కాదు. నోటికి ఒక్కటీ రాలేదు. చివరికి, "నేను అన్నది తప్పు. విచారించకుండ అన్న," అన్నాను. డ్రైవరు తల దించుకున్నాడు. అతని భార్య అప్పుడు చేతులు ఆపి, చాయ్ తాగుతారా అని అడిగింది.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు గేటు చప్పుడైంది. తరువాత ఇంజను చప్పుడు. లేచి చూస్తే మేస్త్రి. అరుగు గోడ మేకుకు ఉన్న తాళంచెవి తీసుకుని బండి స్టార్టు చేసి, రెండు నిమిషాలు విని, ఆపి, తాళం మేకుకే తగిలించి, లోపలికి రాకుండా సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. మంగళవారం మళ్లీ వచ్చాడు. ఒక నెల చూసి, ఇక అవసరం లేదయ్యా, ఎందుకు నిద్ర పాడుచేసుకుంటావని చెప్పాను. "మీకోసం కాదు సార్. నేనొచ్చి ఇననిదే నాకు పొద్దు పొడుస్తలేదు," అన్నాడు. ఇక నేను ఆ ప్రస్తావన తేలేదు. వానకు తువ్వాలు తలకు కట్టుకుని వచ్చేవాడు, చలికి చెవులకు మఫ్లరు చుట్టుకుని వచ్చేవాడు. క్రిస్మస్ మంగళవారమో శుక్రవారమో పడిన ఏడు కూడా వచ్చి వెళ్లిన తరువాతే చర్చికి పోయాడు. నా భార్యకు అదే గడియారమైంది. ఇంజను చప్పుడు వినగానే కళ్లు తెరవకుండానే, "మేస్త్రి వచ్చిండు, లేవుండ్రి," అనేది. ఆ తరువాత ఆమె ఒక్క రోజు కూడా ఆలస్యంగా ఆసుపత్రికి చేరలేదు. అలా రెండేళ్లు నడిచింది.

ఆమె ఒక సోమవారం సాయంత్రం పోయింది. కబురు ఆయనకు అందలేదు. మంగళవారం నాలుగు గంటలకు గేటు చప్పుడైంది. వాకిట్లో దీపం, కూర్చున్న మనుషులు కనబడ్డారు. ఆయన సైకిల్ గోడకు ఆనించి, చెప్పులు విడిచి, కారు వెనుక చక్రం పక్కన నేల మీద కూర్చున్నాడు. తాళంచెవి ఎప్పటిలాగే మేకు మీద ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. పాడె లేచే దాకా అక్కడి నుంచి కదలలేదు. 

నిరుడు చలికాలం మొదట్లో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు అని తేలింది. నిజామాబాద్ తీసుకుపోతానంటే మొదట ఒప్పుకోలేదు. బస్సు ఉంది కదా అన్నాడు. బస్సు సంగతి నాకు తెలుసు అన్నాను. మరునాడు వచ్చి కారెక్కాడు. ఏడెనిమిది సార్లు వెళ్లి ఉంటాం. అదే డ్రైవరు. ముందు సీటులో నేను, వెనుక సీటులో ఆయన, ఆయన భార్య. పాట పెట్టమంటావా అని ఒకసారి అడిగితే చేత్తో వద్దన్నాడు. దగ్గుకు పాట వినబడదు అన్నాడు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు డాక్టరు ఆయనను బయట కూర్చోబెట్టి మాతో మాట్లాడాడు. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండి, అడిగింది పెట్టండి అన్నాడు. మేము బయటికి వచ్చాక ఆయన తన భార్య ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసి, లేవదీయమన్నట్టు చేయి చాచాడు.

తిరుగు ప్రయాణంలో బోధన్ పొలిమేర చేరేసరికి సాయంత్రమైంది. చెరకు లారీలు ఫ్యాక్టరీ వైపు తిరిగే మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా వరుస సాగుతోంది. డ్రైవరు అలవాటు చొప్పున హారను మీద చేయి వేశాడు. ఈ కారును చూస్తే ఆ లారీలవాళ్లు దారి ఇస్తారు. ఎవరిని ఎక్కడికి తీసుకుపోతున్నామో ఆ దారిలో అందరికీ తెలుసు. వెనుక నుంచి మేస్త్రి, "కొట్టకు. పోనీ," అన్నాడు. "ఇయ్యాల మనకేం తొందర లేదు."

డ్రైవరు ఇంజను ఆపాడు. మేస్త్రి తన వైపు అద్దం దించమన్నాడు. లారీలు ఒక్కొక్కటే మా ముందు నుంచి సాగిపోయాయి. ఒక్కొక్క క్యాబినులోంచి ఒక్కొక్క పాట. ఆయన కళ్లు మూసుకుని తల కిటికీకి ఆనించాడు. ఒకటి దాటగానే, దాని ఎడమ స్పీకరు చిరిగింది, నెల కింద చెప్పిన, వాడు వినడు అన్నాడు. ఇంకొకటి దాటితే, గిది మంచిగ పలుకుతున్నది అన్నాడు. ఆ తరువాత పాట దగ్గరకు వచ్చినప్పుడు ఆయన వేలు మాత్రం భార్య మణికట్టు మీద కొంచెం కదిలేది. అన్నిటికన్నా చివర వచ్చిన లారీలో పాట లేదు. మోయగలిగినదానికన్నా ఎక్కువ చెరకు ఎక్కించుకుని, మెల్లగా, ఒక పక్కకు ఒరుగుతూ వచ్చింది. వెనుక వేలాడుతున్న చెరకు కొసలు తారు మీద రాసుకుంటూ పోయాయి. ఆ లారీ మలుపు తిరిగి కనుమరుగైన తరువాత కూడా ఆ రాపిడి కొంతసేపు వినబడుతూ ఉంది. అది పూర్తిగా ఆగేదాకా డ్రైవరు తాళం తిప్పలేదు. ఎండిన చెరకు ఆకుల పొట్టు గాలిలో తేలి వచ్చి, తెరిచిన కిటికీలోంచి ఆయన ఒళ్లో, ఆయన భార్య కొంగు మీద, మెల్లమెల్లగా దిగుతోంది.